ఆ చాయ్ నాకు దక్కాల్సింది కాదు

మొఘల్‌పురాలో ఒక పెళ్లికార్డుల దుకాణంలో కొత్తగా చేరినప్పుడు నాకు ఉస్తాద్ అని పేరొచ్చింది. ఆ పేరు ఎలా వచ్చిందో ఇన్నాళ్లకైనా నిజం చెప్పాలి.

నాకూ, కార్డులు డిజైన్ చేసే అన్నకూ కలిపి ఒకటే కంప్యూటర్. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లది, ఎవరి ఫైళ్లు వాళ్లకే కనబడతాయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పాస్‌వర్డ్ కొట్టలేక అన్న విసుక్కునేవాడు. ఆయన కోసమని ఒక సాయంత్రం సెట్టింగులు మార్చి, మిషను ఏమీ అడగకుండా తెరుచుకునేలా చేశాను. కాకపోతే ఆయన పేరు పెట్టాల్సిన చోట అలవాటుకొద్దీ నా పేరే పెట్టాను.

మర్నాడు తెర మీద అన్న డిజైన్లు ఒక్కటీ లేవు. మధ్యాహ్నానికి అచ్చుకు వెళ్లాల్సిన కార్డు కూడా లేదు.

"క్యా కియా మియా? పిల్ల తండ్రి వచ్చి కూసుంటే ఏం చూపిస్తవ్, నీ మొఖమా?" అని దుకాణం ఓనరు సేఠ్, అన్న మీద లేచాడు.

"కసమ్ సేఠ్, నేనేం ముట్టలే!"

నాకు విషయం అర్థమైంది. నోరు మెదపకుండా లాగాఫ్ చేసి, అన్న పేరుతో తెరిపించాను. అన్నీ ఉన్నాయి. సేఠ్ "ఉస్తాద్!" అని నా భుజం తట్టి చాయ్ తెప్పించాడు. తిట్లు మాత్రం అన్నకే మిగిలాయి.

మొన్న మలక్‌పేటలో కనబడితే ఆయనకు అంతా చెప్పేశాను. పడీపడీ నవ్వాడు.

"నువ్వు లాగాఫ్ కొడ్తుంటేనే నీ పేరు చూసిన తమ్మీ. కొత్తోనివని ఊకున్న. ఇప్పుడు పోయి సేఠ్‌కు చెప్తవా ఏంది? చెప్పకు, మళ్ల నన్నే తిడ్తడు!"