శేషన్న తలమీది రుమాలు

రుమాలంటే జేబులో మడిచి పెట్టుకునే చేతిగుడ్డ అని పట్నంవాళ్లు చెబితే నాకు ఒళ్లు మండుతుంది. మా కోసిగి వైపు రుమాలు తలమీద ఉంటుంది. మాట ఫారసీది. రూ అంటే ముఖం, మాల్ అంటే తుడిచేది. ఉర్దూ మాట్లాడేవాళ్ల వెంట మా సీమకొచ్చి నెత్తికెక్కి కూర్చుంది. పెళ్లిలో అది మర్యాద, ఎండలో నీడ. చావింటికి పోతే మాత్రం తీసి చంకలో పెట్టుకోవాలి.

శేషన్నకు దానితో ఇంకో పని కూడా ఉండేది. ఆయన పశువుల సంతలో దళారి. తలమీది రుమాలు విప్పి చేతులమీద కప్పి, దాని కింద కొనేవాడి చేయి పట్టుకునేవాడు. వేళ్లతోనే ధర చెప్పుకునేవారు, చుట్టూ ఉన్నవాళ్లకు ఒక్క ముక్క తెలిసేది కాదు. అమ్ముకునేవాళ్ల అవసరం పదిమందిలో పడకూడదని పెద్దలు అలా పెట్టారని చెప్పేవాడు.

వానలు ఎగ్గొట్టిన ఏడు సుబ్బరత్నమ్మ తన ఎద్దుల జోడీని తోలుకొచ్చింది. మొగుడు పోయాక ఆ రెండింటితోనే సేద్యం నెట్టుకొచ్చిన మనిషి. ఇప్పుడు గుంటూరుకు మిరపకాయలు కోయడానికి పోవాలి. వాటిని మేపే దిక్కు లేదు.

"కటికోళ్లకు మాత్రం ఇయ్యద్దు శేషన్నా. ధర తగ్గినా పర్వాలేదు."

"నేనుండా కదా తల్లీ."

కబేళా లారీవాళ్లు వచ్చి అడిగితే శేషన్న రుమాలు విప్పనే లేదు. పొద్దు వాలాక కోయిలకుంట్ల రైతు వీరభద్రతో బేరం తెగింది. మాలో పశువును అమ్ముతారు గానీ మెడకు కట్టిన పలుపు ఇవ్వరు. ఆ రెండు పలుపులూ పట్టుకుని ఆమె నిలబడింది. ఎర్ర ఎద్దు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆమె ఇక ఆపుకోలేకపోయింది. శేషన్న తన రుమాలు ఆమె చేతిలో పెట్టి, వట్టి తలతో సంత దాటాడు. "ఎవురు పోయిరప్పా?" అని దారిలో అడిగారు.

గుంటూరు చేలల్లో ఆమె దాన్నే తలకు కట్టుకుంది.

మాఘంలో వీరభద్ర బోరు ఎండింది. తిట్టిపోయాలనే ఉంది నాకు, కానీ ఆయన మాత్రం ఏం చేస్తాడు? అదే సంతలో, వేరే దళారి రుమాలు కింద బేరమై, ఎద్దులు రెండూ లారీ ఎక్కాయి. శేషన్న చూస్తూ నిలబడ్డాడు. ఆ పూట అన్నం ముట్టలేదట.

ఉగాదికి తిరిగొచ్చిన సుబ్బరత్నమ్మ నేరుగా సంతకే వచ్చి రుమాలు ఇచ్చింది.

"ఎన్ని తూర్లు ఉతికినా కారం పోలేదన్నా. తలకు చుట్టుకోవాకు. నా ఎద్దులు బాగుండాయా?"

శేషన్న రుమాలు మెల్లగా తలకు చుట్టుకున్నాడు. చెమటకు తడిసి కారం కళ్లలోకి దిగింది.

"బాగుండాయి తల్లీ. జోడీగానే ఉండాయి."

"వద్దంటే ఇంటివా? సూడు, కండ్లు ఎట్లా కారుతాండాయో!" అని ఆమె నవ్వింది. ఎద్దులు అమ్మాక ఆమె నవ్వగా చూడడం అదే మొదలు.

"కారం తల్లీ, కారం" అన్నాడు శేషన్న. కళ్లు తుడుచుకోలేదు.