పెద్దమ్మ ఎకరం

పెద్దమ్మ చనిపోయినప్పుడు మరణ ధ్రువపత్రం కోసం ఊరి సచివాలయంలో ఇచ్చిన కాగితం నేనే నింపాను. నా జీవితంలో నింపిన మొదటి దరఖాస్తు అది. యాభై దాటాక, పొదుపు సంఘం ఆడవాళ్ళకు పెట్టిన తరగతిలో అక్షరాలు నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదవడం, గడికో అక్షరం రాయడం అప్పటికి వచ్చాయి. మనవరాలు ఇంట్లో ఉంటే తనే నింపేది. టీచరు పరీక్ష కోచింగుకని టౌనుకెళ్ళి బ్రాడీపేటలో ఉంది.

సొంత పెద్దమ్మ కాదు. మా అమ్మకు పెదనాన్న కూతురు. మొగుడు పోయి, పిల్లలు లేక, చివరి రెండేళ్ళు మా ఇంట్లోనే ఉంది. ఆమెకు ఎకరం నల్లరేగడి ఉండేది, ఎప్పుడో ప్రభుత్వం ఇచ్చిన పట్టా భూమి. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళు మిరప వేసింది. మంచాన పడ్డాక పక్క చేను రైతుకు కౌలుకిచ్చింది.

"ఈ చేను నీదేనే. నువ్వే కాగితం రాయి, వేలిముద్ర ఏస్తా," అని రెండు మూడుసార్లు అంది. ఆయాసపడుతున్న మనిషి వేలు పట్టుకుని సిరా అద్దితే ఊరు ఏమంటుందోనని, "ముందు గంజి తాగు" అంటూ మాట తప్పించాను.

ఆమె పోయిన రోజు దరఖాస్తులో పేరు దగ్గర నా చెయ్యి ఆగలేదు. శవపెట్టె మీద తెల్లరంగుతో రాసిన పేరు చూసి, ఒక్కో అక్షరం గళ్ళలోకి దించాను. అది చర్చి పేరు. మాలో చాలామందికి రెండు పేర్లు. పుట్టినప్పుడు పెట్టింది రేషను కార్డులోనూ పట్టాలోనూ ఉంటుంది. బాప్తిస్మంలో పెట్టింది మనుషుల నోట్లో ఉంటుంది. ఆధార్ కార్డు తర్వాత తెమ్మన్నారు. వాళ్ళూ మళ్ళీ అడగలేదు, నేనూ తేలేదు.

నెల తిరిగాక కౌలు రైతును చేను వదలమంటే, "పట్టా నీ పేరు మీదికి మార్పించుకుని రా, అప్పుడు మాట్లాడదాం," అన్నాడు. అలా తహసీల్దారు ఆఫీసుకు తిరగడం మొదలైంది.

వీఆర్వో పట్టానూ మరణ ధ్రువపత్రాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. "ఏందమ్మా ఇది. పట్టా ఉన్నామె చనిపోలా. చనిపోయినామెకి పట్టా లేదు."

"ఇద్దరూ ఒకరేనండి. ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు."

"ఊరు చెప్పింది రాసుకోడానికి నా దగ్గర గడి లేదు. కాగితం తీసుకురా."

బెంచీ మీద కూర్చున్న ముసలామె నా వైపు చూసి అంది, "బతికున్న నాకు ఒక్క కాగితం పుట్టట్లా. మీ పెద్దమ్మ చచ్చిపోయి రెండు సంపాదించింది." అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

మా చర్చి అయ్యగారు పాత బాప్తిస్మం రిజిస్టరు తీశారు. ఒకే వరుసలో పెద్దమ్మ పాత పేరు, తండ్రి పేరు, కొత్త పేరు. అదే పేజీలో కింద మా అమ్మ పేరు, పసిపిల్లగా నా పేరు. నేనెవరో, ఆమె నాకేమవుతుందో అంతా అక్కడే ఉంది. అయ్యగారు జిరాక్సు తీయించి, ముద్ర వేసి ఇచ్చారు. ఆటోలో మండలానికి పోతూ దాన్ని మూడుసార్లు చదువుకున్నాను. చేను వచ్చేసినట్టే అనిపించింది. కూలికి పోకుండా నా మిరప నేనే కోసుకోవచ్చు అనుకున్నాను.

వీఆర్వో ఆ కాగితం చదివి, గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఇది ఎవరికన్నా చూపించావా?"

"లేదండి."

"చూపించమాక. ఇది ఫైల్లో పెడితే ఆమె ఎవరో తేలిపోయిద్ది. నువ్వెవరో కూడా తేలిపోయిద్ది. చర్చిలో కలిసినోళ్ళకి ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదమ్మా. మీ మనవరాలికి టీచరు ఉద్యోగానికి సర్టిఫికెట్లు చూస్తారని మొన్న నువ్వే చెప్తివి."

"చేను నాది కదండీ. దాని ఉద్యోగానికీ దీనికీ ఏం సంబంధం?"

"నీ కూతురి కూతురేగా. కౌలు రైతు కోర్టుకెళ్ళి ఈ జిరాక్సు తెచ్చుకున్నాడనుకో, ఒక్క అర్జీ చాలు. ఆ పిల్ల మార్కులు ఎన్నొచ్చినా ఎందుకూ పనికిరావు."

ఆయన చెడ్డవాడు కాదు. కాగితాన్ని నా వైపు జరిపి, వేరే ఫైలు తెరుచుకున్నాడు. తీసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి పొయ్యిలో పెట్టాను. మనవరాలికి చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోయినా సరే, చేనే దక్కించుకోమంటుంది, పంతం పిల్ల.

ఈ ఏడూ ఆ చేలో ఆ రైతే మిరప వేశాడు. కాయ బాగా దిగింది. కోతకు మా పేటలో ఆడవాళ్ళందరినీ పిలిచాడు, నన్ను కూడా. నేను దూరమైనా వేరే ఊరి చేనుకు పోయాను.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు అడిగారు, "పనైందా అమ్మా?"

"ఆఫీసులో మన కాగితం ఒప్పుకోలేదండి," అన్నాను.

ఆయన చాలా నొచ్చుకున్నారు. మరుసటి వారం నన్ను ముందుకు పిలిచి, మోకరించమని, నెత్తిన చెయ్యి పెట్టారు. సంఘం ఇచ్చిన సాక్ష్యాన్ని తోసేసిన అధికారుల మనసు మార్చమని పెద్ద గొంతుతో ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నారు. కోచింగు నుంచి ఆదివారానికి ఇంటికొచ్చిన మనవరాలి గొంతు వెనక వరుసలోంచి విడిగా వినిపించింది. నేనూ ఆమెన్ అన్నాను.