కలిసొచ్చిన కారు

పాత కారు కొనేటప్పుడు మగవాళ్ళు బానెట్ ఎత్తి చూస్తారు. మా వైపు ఆడవాళ్ళం ఒకటే అడుగుతాం, "మీకు కలిసొచ్చిందా?" అని. పెళ్ళై గుంటూరు నుంచి మన్సూరాబాద్ వచ్చి ఇన్నేళ్ళయినా నాకా అలవాటు పోలేదు. మాతోనే ఉండే మా అత్తగారైతే ఆ సంగతి తేలకుండా పాత కుర్చీని కూడా గడప దాటనివ్వరు.

మా ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో డయాలసిస్. తిరిగొచ్చేటప్పుడు ఆటో కుదుపులకు ఆయన విలవిల్లాడిపోయేవారు. వెనక్కి వాలి కూర్చోవడానికి ఒక కారుంటే చాలనుకున్నాం. వెళ్ళిన ప్రతిసారీ ఆయన్ని ఇంటికి తెచ్చుకోవాలి, అప్పట్లో నాకు వేరే కోరిక లేదు.

ఎల్బీ నగర్ దగ్గర ఒక కాలనీలో దొరికింది. బూడిద రంగు సెడాన్, వెనక అద్దం మీద బైబిలు వాక్యం. అమ్ముతున్నావిడ నాకంటే కాస్త పెద్దది. ముఖాన బొట్టు లేదు. చర్చికి వెళ్ళేవాళ్ళు కదా, ఉండదులే అనుకున్నాం. మా ఆయన బానెట్ కింద తల దూర్చి అంతా అర్థమైనట్టు మొహం పెట్టారు. నేను నా ప్రశ్న అడిగాను.

ఆవిడ కాసేపు కారు వంక చూసింది. "మాకైతే మంచిగనే కలిసొచ్చిందమ్మా. దవాఖానకు ఎన్నిసార్లు తీస్కపోయినా మళ్ల ఇంటికి తోల్కొచ్చింది" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ముందు సీటు ఒకటి వెనక్కి వాలిపోయి ఉంది, లేపితే లేవదు. "గది గట్లనే ఉండనియ్యుండ్రి, నడుముకు సుఖముంటది" అందావిడ. మా ఆయన అందులో కూర్చుని కళ్ళు మూసుకున్నారు. బాగుందన్నారు.

ఆ కారు పెట్టని పేచీ లేదు. ఏసీ వేస్తే ఫ్లైఓవర్ ఎక్కలేక మూలిగేది. ఒక తలుపు లోపలి నుంచి తెరుచుకునేది కాదు. "నాకంటే దీని కిడ్నీలు నయం" అనేవారు ఆయన. నాకు ఒళ్ళు మండేది, అయినా నవ్వేదాన్ని. నేనే నడిపి తీసుకెళ్ళేదాన్ని, నేనే తీసుకొచ్చేదాన్ని.

ఒక వానాకాలం పొద్దున ఆయనకు ఊపిరి అందలేదు. వీధిలో నీళ్ళు సగం చక్రం దాకా నిలిచాయి. ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పితే కారు దగ్గింది తప్ప స్టార్ట్ కాలేదు. తిప్పుతూనే ఉన్నాను. ఈలోపు అత్తగారు ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది. "వద్దు, మన కారులోనే పోదాం" అంటూ ఆయన సీటు అంచు పట్టుకున్నారు. ఆ వేళ్ళు నేనే విడదీయాల్సి వచ్చింది. సాయంత్రం ఆయన్ని గాజుపెట్టెలో ఇంటికి తెచ్చారు.

ఆ కారు మీద నాకెంత కోపమో చెప్పలేను. ఎవరూ లేనప్పుడు ఒకసారి చెప్పు తీసి కొట్టాను కూడా.

ఈమధ్య దాన్ని చూడటానికి ఒక జంట వచ్చారు. అతను బానెట్ ఎత్తాడు. ఆ అమ్మాయి కడుపుతో ఉంది, కాన్పులోపు కారు కావాలట. చుట్టాలు ఎంత పోరినా నేను బొట్టు తీయలేదు. ఆ అమ్మాయి నా నుదుటి వంక ఓసారి చూసి, నిశ్చింతగా అడిగింది.

"మీకు కలిసొచ్చిందా ఆంటీ?"

"ఆసుపత్రికి తీసుకెళ్ళిన ప్రతిసారీ ఇంటికి తీసుకొచ్చిందమ్మా" అన్నాను.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ అమ్మాయి మొహం విప్పారింది, ఆ రోజు నా మొహం విప్పారినట్టే. ఆ సీటు ఎవరి నడుము కోసం వాలిందో నాకప్పుడు తెలిసింది. ఆవిడను మేము అన్నీ అడిగాం. మీ ఆయన ఏరీ అని మాత్రం అడగలేదు.