ఛార్జ్ అనే ముందు

రాష్ట్రం వచ్చిన కొత్తలో, ఒక యాసంగిలో, మోత్కూర్ దగ్గరి ఒక సబ్‌స్టేషన్‌లో సబ్ ఇంజినీర్‌గా నాకు మొదటి పోస్టింగ్ వచ్చింది. హైదరాబాద్‌లో పెరిగినవాణ్ణి. చేతిలో ఎప్పుడూ ఫోను, ముక్కు మీద కోపం.

మా పనిలో ఛార్జ్ చేయడమంటే ఆపిన లైన్‌లోకి మళ్లీ కరెంటు వదలడం. 'ఆన్ చెయ్', 'కరెంటియ్యి' అంటే ఆపరేటర్ కదలడు. నేను 'ఛార్జ్' అనాలి. అంతకుముందు, లైన్ క్లియర్ తీసుకున్నవాడు, అంటే పని కోసం కరెంటు ఆపించుకున్నవాడు, పని అయిందని తానే చెప్పాలి.

ఆ రోజు తెగిన తీగ వేయడానికి లైన్‌మన్ నర్సింహ క్లియర్ తీసుకున్నాడు. పొద్దున్నుంచి యాదయ్య అనే రైతు ఒకటే ఫోన్లు. పొట్ట మీదున్న వరి, నెర్రెలిచ్చిన మడి.

"సారూ, నువ్వు ఏసీల కూసుంటే మా పొలం పారుతదా?"

"ఏసీ నీ ఇంట్ల ఉందేమో, ఈడ లేదు. ఫోన్ పెట్టెయ్!" అని అరిచాను.

మధ్యాహ్నం నర్సింహ ఫోన్ చేశాడు. "పనైంది సార్. మావోళ్లంత దిగిన్రు. క్లియర్ వాపస్ ఇస్తున్న."

ఆపరేటర్ కరెంటు వదిలే బ్రేకర్ దగ్గర నిలబడి నా వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే మళ్లీ యాదయ్య. తిట్టడానికే ఫోన్ ఎత్తాను.

"కరెంట్ ఇడువకు సారూ! మా బాయికాడ శంకర్ స్తంభమెక్కి తీగ బిగిస్తుండు!"

శంకర్ పక్క ఊరి లైన్‌మన్ కింద హెల్పర్. లైన్ ఎట్లాగూ ఆగింది కదా అని, నర్సింహ క్లియర్‌లోనే ఎవరికీ చెప్పకుండా తన పనికి ఎక్కేశాడు. మా దగ్గర చాలామంది చేసే పనే అది.

ఆపరేటర్‌కు ఆగమని చెయ్యి చూపించాను. శంకర్ దిగేదాకా యాదయ్యను ఫోన్ పెట్టనివ్వలేదు. అవతల ఆయన తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. "జర చెప్పి ఎక్కరాదురా? రేపు నీ పెండ్లాం నన్నడుగదా?"

శంకర్‌తోనూ, నర్సింహతోనూ మళ్లీ మాట్లాడాకే 'ఛార్జ్' అన్నాను. కాసేపటికి యాదయ్య ఫోన్. "మోటర్ పోస్తాంది సారూ. ఇగ ఎంత తిడుతవో తిట్టు."

ఆ కరెంటు అందరికంటే ఎక్కువ కావాల్సిన మనిషే వద్దన్నాడు.

ఆ ఉద్యోగం ఇప్పుడు వదిలేశాను. క్లియర్ వాపస్ వచ్చినంత మాత్రాన లైన్ మీద ఎవరూ లేరని కాదు. అక్కడ ఉన్నన్నాళ్లూ, పొలాల్లో ఉన్న రైతులకు ఫోన్ చేసి, స్తంభాల మీద ఎవరైనా ఉన్నారా అని అడిగాకే ఛార్జ్ అనేవాణ్ణి. మొదటి ఫోన్ యాదయ్యకే.