గొంతు పోయిన కలొలైనె

వవాయు దీవిలోని మా చర్చిలో వాద్యాలు లేవు. ఉన్నవి గొంతులే. వాటిలో కలొలైనెది అందరికన్నా ముందు నడిచేది. ఆదివారం తెల్లవారకముందే పెండలం దుంపలూ, కొబ్బరిపాలు పోసిన చేమాకు పొట్లాలూ ఉడకడానికి పొయ్యిగుంటలో పూడ్చి, మా దీవి ఆచారం ప్రకారం నడుముకు చాప చుట్టుకుని వచ్చి ఆడవాళ్ళ వరసలో నిలబడేది. ఆమె కీర్తన ఎత్తుకుంటే కునికేవాళ్ళు లేచి కూర్చునేవారు. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు.

ఆమె పక్కన సిసీలియా, ఆ పక్కన నేను. వాళ్ళిద్దరికీ వయసులో ఉన్నప్పటి నుంచీ పోటీ.

"నువ్వు పాడేది దేవుడికా, వెనక బెంచీకా?" అని పొడిచేది సిసీలియా.

"ఇద్దరికీ వినబడుతుందిలే. నీది పక్కదానికైనా వినబడదు."

అలాంటి కలొలైనెకు మెడలో గడ్డ లేచింది. రాజధానిలో కోసి తీశారు. అది గొంతు నరాన్ని చుట్టుకుని పెరిగిందట. ప్రాణం దక్కింది కానీ నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. జనవరి ప్రార్థనల వారంలో ఊరంతా ఆమె కోసం మోకరించింది. ఈస్టరుకల్లా పాడతావన్నారు. ఈస్టరూ వచ్చి వెళ్ళింది. ఆమె మా వరస వదిలేసి చివరి బెంచీలో కూర్చోసాగింది.

ఒకనాడు నేను వాళ్ళ తోటకు వెళ్తే, పెండలం పాదుల్లో కలుపు తీస్తూ పెదాలు కదుపుతోంది.

"ఎవరితో వదినా?"

"ఆ దేవుడితోనే," అంది గుసగుసగా. "కోపం తీర్చుకుంటున్నా."

"ఏమంటాడు?"

"ఏమీ అనడు. అలాగని లేచీ పోడు." కాసేపు కలుపు పీకి, మళ్ళీ అంది. "నా గొంతంటే నాకెంత ప్రేమో ఇప్పుడు తెలిసింది. ఆయనంటే ఎంతో ఇక తెలియాలి."

వానలు మొదలయ్యాక సిసీలియా మంచాన పడింది. కలొలైనెను తీసుకురమ్మని నన్ను పంపింది.

"పాడవే," అంది చూడగానే.

"దేంతో పాడమంటావ్?"

"ఉన్నదాంతోనే. మిగతాది నా చెవుల్లో ఉందిలే."

కలొలైనె కింద చాప మీద కూర్చుని, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, కీర్తన మాటలు ఒక్కొక్కటే ఊదింది. సిసీలియా సన్నగా రాగం అందుకుంది. అందుకుని తాళం తప్పింది. కలొలైనె ఊరుకోలేక దుప్పటి మీద చేత్తో తట్టింది.

"పోయేముందు కూడా దిద్దుతావేమే!" అంది సిసీలియా. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

నవ్వులయ్యాక సిసీలియా మెల్లగా అడిగింది. "ఇంకా ఎదురుచూస్తున్నావా, గొంతు కోసం?"

"ఇక్కడ రాకపోవచ్చు. ఆయన ముందు నిలబడిన రోజు మాత్రం వస్తుంది. ఆ రోజు ఏ పాట ఎత్తుకోవాలా అని తోటలో ఎంచుకుంటుంటా. పూటకొకటి మారుతుంది."

"ముందు వెళ్ళేది నేనేగా. మొదటి పాట నాదే."

"నువ్వా! నేనొచ్చేదాకా నోరు మూసుకుని కూర్చో."

"సరే, కూర్చుంటాలే," అంది సిసీలియా, ఆమె చెయ్యి పట్టుకుని.

ఆ నెలలోనే సిసీలియాను సమాధి చేశాం. ఆ రోజు చర్చిలో మా వరస పాట రెండో చరణంలో చెదిరిపోయింది. కలొలైనె చివరి బెంచీ నుంచి లేచి వచ్చి, తన చోట నిలబడి, నోరు నిండా తెరిచింది. ఏమీ వినబడలేదు. ఆమె చెయ్యి మాత్రం గాలిలో తాళం వేసింది. కళ్ళు తుడుచుకుంటూ ఆ చేతినే చూస్తూ పాట పూర్తిచేశాం.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అక్కడే నిలబడుతుంది. పక్కనున్న నాకు వినబడేది ఊపిరే. ఒకసారి పాట నేర్పే మాస్టారు ఉండబట్టలేక, "ఎందుకమ్మా ఆయాసపడతావు?" అన్నాడు.

"సాధన మానితే ఎలా మాస్టారూ," అంది కలొలైనె.