తంబురా అని రాసిన చీటీ

మా పెద్దమ్మ వీణను పెదనాన్న ఆమెను ఒక్క మాట అడగకుండా రాయచూరు మ్యూజియానికి ఇచ్చేశాడు. దాత అనిపించుకోవాలని ఆయనకు మహా మోజు. కేసులు రాని వకీలుకు శాలువాలే దిక్కు. వీణను ఆటోలో తీసుకెళ్తుంటే చివరనున్న, సింహం మొహంలా చెక్కిన యాళి తల విరిగింది, కింది సొరబుర్ర పగిలింది. మ్యూజియం వాళ్లు ఆయనకు కప్పిన శాలువా మాత్రం నలగకుండా ఇంటికొచ్చింది.

మ్యూజియం సంగతి మరీ ఘోరం. శక్తినగర్‌లో కరెంటు పుడుతోందని జిల్లా అంతా గొప్పలు చెప్పుకునే రోజులవి. ఈ హాల్లో మాత్రం ఎండాకాలం మధ్యాహ్నం ఫాను తిరిగేది కాదు. అద్దాల పెట్టెలో ఉడికి వీణ మీది మైనం మెత్తబడింది, అందులో నాటిన స్వరాల మెట్లు పక్కకు ఒరిగాయి. అక్కడి మహానుభావులు వాటిని సరిచేయించకుండా మైనమంతా చాకుతో గీకేసి, నున్నగా వార్నిష్ కొట్టారు.

తర్వాత బెంగళూరు నుంచి ఒక నిపుణుడు దిగాడు. పాత వాద్యాలు చూసి ఏది ఏ రకమో తేల్చడం ఆయన ఉద్యోగం. మెట్లు లేవు, పైన తీగలు బిగించే బిరడలు నాలుగే ఉన్నాయి, కాబట్టి తంబురా. టీ చల్లారేలోపు తేల్చేశాడు. వీణకు పక్కన తాళం తీగలు కూడా ఉంటాయని, వాటి బిరడలు దూర్చే రంధ్రాలు ఇవేనని, పెదనాన్న వెంట వెళ్లిన నేను చూపించాను. చెదలు తొలిచాయన్నాడు. ఒకే వరుసలో, ఒకే సైజులో తొలిచే చెదలను నేనింతవరకు చూడలేదు.

పెద్దమ్మకు ఇది చిన్న విషయం కాదు. పెళ్లికి ముందు ఆమె వీణ కచేరీలు చేసిన మనిషి. పెళ్లయ్యాక శనివారం భజనలో మొగుడి వెనక కూర్చుని తంబురా మీటడమే మిగిలింది. "దానికేమొస్తది, తంబురా మీటుతది," అని ఆయన అందరితో అనేవాడు. కాదనడానికి ఆమెకున్న సాక్ష్యం ఆ వీణ ఒక్కటే.

అందుకే పెట్టెకు పేరు చీటీ అతికించే రోజు తనే మ్యూజియానికి వచ్చింది. నిపుణుడి ముందు ఎడమచేయి చాపింది. వేళ్ల కొసల మీద తీగలు కోసిన గాట్లు ఇంకా ఉన్నాయి.

"తంబురా మీటితే ఎడమచేతి వేళ్లు గిట్లయితయా సారూ?"

"కూరగాయలు తరిగినా అవుతాయమ్మా," అన్నాడాయన వచ్చీరాని తెలుగులో. పెదనాన్న పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండిపోయింది.

"అయితే కత్తిపీట అని రాయుండ్రి," అంది పెద్దమ్మ.

చీటీ మీద తంబురా అనే పడింది. ఇప్పటికీ అదే ఉంది.

ఆ శనివారం జనమంతా వచ్చి కూర్చున్నాక పెదనాన్న లోపలికి కేకేశాడు.

"ఏందే, తంబురా తీస్కరా."

"మ్యూజియంల ఉన్నది కద. పోయి తెచ్చుకోండ్రి."

ఆమె వంటింట్లోంచి కదల్లేదు. ఆయన శ్రుతి లేకుండానే మొదలుపెట్టాడు. ఆయన పాట ఎంత ఘోరమో వీధివాళ్లందరికీ ఆ రోజే తెలిసింది.