కూలి నేసెటోని షేరు

జగిత్యాలలో షేర్ల దుకాణం నడిపే ఆయన నా ముఖం మీదే నవ్వాడు. నేనప్పుడు కోరుట్లలో ప్రైవేటు బడి పంతులమ్మను. జీతంలో మిగిల్చిన డబ్బంతా దుబాయిలో ఉన్న మా తమ్ముడికి పంపి, అక్కడి నుంచి ఒక విదేశీ కంప్యూటర్ చిప్‌ల కంపెనీ షేర్లు కొనిపించాను. చిప్ ఎట్లా ఉండాలో గీసే కంపెనీలు వేరు, దాన్ని ఫ్యాక్టరీలో చేసిచ్చే కంపెనీలు వేరు. నేను కొన్నది చేసిచ్చేదాన్ని.

"గది కూలి నేసే కంపెనీ అక్కా. కూలి నేసెటోని షేరు ఎవలన్న కొంటరా? చిప్‌లు గీసే పెద్ద కంపెనీలు రెండు కొట్లాడుతున్నయి, గెలిచేదాని మీద పెట్టు."

ఒళ్లు మండింది. సిరిసిల్ల మరమగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన నాకు కూలి నేత గురించి ఈయన చెప్పాలా!

"కొట్లాడనియ్యి. ఎవలు గెలిచినా నేపిచ్చుకునేది గీడనే. నవ్విన నాపచేనే పండుతది," అని లేచి వచ్చేశాను.

తర్వాత తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. బడి మూతపడింది, జీతం ఆగింది. అదే సమయానికి నా షేరు కూడా పడిపోసాగింది. తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఈడ అందరు అమ్ముతున్నరక్కా. మొండోడు రాజుకన్న బలవంతుడంటరు, నువ్వు వానికన్న మొండి. అమ్మాల్నో వద్దో రేపటికల్ల చెప్పు, లేకుంటే ఉన్నది గూడ పోతది."

బస్సుల్లేవు. తెలిసినవాళ్ల జీపులో సిరిసిల్ల పుట్టింటికి పోయాను. కరెంటు కోతకు మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. సేటు నూలిస్తే సొంత మగ్గాల మీద కూలికి బట్ట నేయించి అప్పజెప్పడం మా బాపు పని. ఆయన ఖాళీగా కూర్చుని ఉన్నాడు. నా గొడవంతా చెప్పాను.

"గా కంపెనీ ఆగితే ఏమైతది బిడ్డా?"

"సేట్లందరు ఆగుతరు బాపు. గంత సన్నగ నేసే మగ్గం వాళ్లకు ఇంకోకాడ దొరకదు."

బాపు ఆగిన మగ్గాల దిక్కు చూశాడు.

"మనయి ఆగినయి. ఒక్క సేటన్న వచ్చి ఎట్లున్నవని అడగలె. అటు భీవండి మగ్గాల మీద నేపిచ్చుకుంటున్నరట."

 తమ్ముడికి ఫోన్ కలిపాను. నేనింకా నోరు తెరవకముందే బాపు ఫోన్ లాక్కున్నాడు.

"గసొంటి మగ్గం మనింట్ల ఒక్కటన్న ఉండనియ్యి కొడుకా. షేర్లు అమ్మకు."